రోమ్‌లో నాలుగు రోజులు, అమ్మానాన్నలతో: మీరు ఎక్కడ తిన్నారు, ఏం తిన్నారు?

రాజమండ్రి_పిల్ల:
అందరికీ నమస్తే. నేను మ్యూనిక్‌లో జాబ్ చేస్తున్నా, అక్టోబర్‌లో అమ్మానాన్న వస్తున్నారు, నాలుగు రోజులు రోమ్ అనుకున్నాం. కొలోసియం, వాటికన్ టికెట్లు అన్నీ బుక్ చేసేశా, తిండి దగ్గరే ఆగిపోయా. అమ్మ ప్యూర్ వెజ్, గుడ్డు కూడా ముట్టదు. నాన్న చికెన్, చేప తింటారు, బీఫ్ పోర్క్ తినరు, షుగర్ ఉంది. పోయినసారి పారిస్ తీసుకెళ్తే పాపం ఇద్దరూ బ్రెడ్డూ పెరుగూ తిని గడిపేశారు, ఈసారి అలా కాకూడదు. ఊరెళ్ళాక పక్కింటివాళ్ళకి చెప్పుకునేలా ఒక్క భోజనమైనా ఉండాలి. ఆన్‌లైన్‌లో చూస్తే అన్నిటికీ మంచి రేటింగే, ఏది నమ్మాలో తెలీట్లేదు. మీరు స్వయంగా వెళ్ళి తిన్నవి చెప్పండి ప్లీజ్.

మిలన్_ఎమ్మెస్:
అక్కా, నేను ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నా, రోమ్‌కి నాలుగైదు సార్లు వెళ్ళొచ్చా. ఒక్కటే చెప్తా, రెస్టారెంట్ వెతక్కు, పేట వెతుకు. ట్రెవీ ఫౌంటెన్, నవోనా చౌక్ దగ్గర బోర్డు మీద ఫోటోలు పెట్టి, మనిషి బయట నిలబడి రండి రండి అని పిలిచే చోటు వద్దు. మెట్రో ఎక్కి పిరమిడే స్టేషన్‌లో దిగి టెస్టాచో వెళ్ళిపో. అక్కడ ఒక గుట్ట ఉంటుంది, అది మట్టి గుట్ట కాదు, పాత రోమన్ల కాలంలో ఆలివ్ నూనె తెచ్చిన కుండలు పగలగొట్టి పోగేస్తే అయిన గుట్ట. దాన్ని ఆనుకుని హోటళ్ళున్నాయి, ఒకదాంట్లో వెనక గోడకి అద్దం పెట్టారు, అందులోంచి ఆ పెంకులు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి, మీ నాన్నగారికి తప్పకుండా నచ్చుతుంది. మధ్యాహ్నం టెస్టాచో మార్కెట్‌లో తినండి (ఆదివారం ఉండదు), సాయంత్రం డా రెమో అని పల్చటి రోమన్ పిజ్జా, అప్పడంలా కరకరలాడుతుంది. తలుపు తీసే టైమ్‌కే వెళ్ళి నిలబడండి, లేకపోతే లైన్ పెద్దదైపోతుంది.

పాతబస్తీ_భాయ్:
టెస్టాచో అంటే నాది కూడా ఓటు. గా పేటల పెద్ద కబేళా ఉండె, 1975ల బందైంది. అప్పట్ల పనోళ్ళకు కూలిల కొంత భాగం పేగులు, తోక, తలకాయ లాంటియి ఇచ్చెటోళ్ళంట, గవి ఇంటికి తీస్కపోయి వండుకునుడే ఇయ్యాల రోమ్ స్పెషల్ అయింది, "క్వింతో క్వార్తో" అంటరు, అంటే ఐదో పావు భాగం. నేను త్రిప్ప (ఆవు పొట్ట ముక్కలు) తిన్న, టమాట రసంల పుదీన, పైన పెకోరినో చీజ్. మొదటి ముద్దకే మా నాయినమ్మ చేసే బోటీ కూర యాదికొచ్చింది, మసాలా లేదు గంతే, నమిలేటప్పుడు గదే మెత్తదనం. గక్కడ శనివారం త్రిప్ప, గురువారం నోక్కి (ఆలుగడ్డ ఉండలు), శుక్రవారం చేప అని పాత లెక్క ఉంటది. మీ ఇంట్ల బీఫ్ తినరు కాబట్టి త్రిప్ప వద్దు, శుక్రవారం చేప మాత్రం నాన్నకు ఇప్పియ్యున్రి.

అత్తిలి_అబ్బాయి:
చేప దగ్గర ఒక్క విషయం జాగ్రత్తండి. మేం 2022లో వెళ్ళినప్పుడు సెంటర్‌లో ఒక హోటల్లో మెనూలో చేప రేటు చూసి చాలా చవగ్గా ఉందనుకుని ముగ్గురికీ ఒక పెద్ద చేప చెప్పాం, తీరా బిల్లు చూస్తే గుండె జారిపోయింది, రేటు పక్కన చిన్న అక్షరాల్లో "ఎత్తో" అని ఉందట, అంటే వంద గ్రాములకి అన్నమాట. చేప ఏమో కేజీ పైన తూగింది. మా ఆవిడ పుట్టినరోజు అది, ఇంకేం మాట్లాడకుండా కట్టేసి వచ్చేశాం కానీ ఇప్పటికీ తలుచుకుంటే బాధే. వండకముందే తూకం వేయించి మొత్తం ఎంతవుతుందో అడగండి, మొహమాటపడకండి.

వెజ్_వదిన:
అమ్మగారి గురించి ఎవరూ చెప్పట్లేదే! నేను పదకొండేళ్ళుగా యూరప్‌లో వెజ్‌గానే బతుకుతున్నానమ్మా, రోమ్ అంత కష్టమేం కాదు, కాకపోతే ముందే తెలియాల్సినవి ఉన్నాయి. పెకోరినో రొమానో, పార్మిజానో రెండిట్లోనూ పాలు విరవడానికి వాడేది గొర్రెపిల్ల, దూడ కడుపులోంచి తీసిన పదార్థం. అమ్మగారికి ఆ పట్టింపు ఉంటే చీజ్ లేనివే చూడాలి, లేకపోతే ఇబ్బంది లేదు, నువ్వే అడిగి తేల్చుకో. తాజాగా చేసిన పాస్తాలో చాలాసార్లు గుడ్డు ఉంటుంది, ఎండు పాస్తాలో మామూలుగా గోధుమ రవ్వ, నీళ్ళే. కాబట్టి పెన్నే అర్రబ్బియాతా చెప్పు, టమాట, వెల్లుల్లి, ఎండుమిర్చి, రోమ్ వాళ్ళదే, కారంగా ఉంటుంది. స్పగెత్తీ ఆల్యో ఓల్యో అయితే నూనె, వెల్లుల్లి, మిర్చి, మనింటి తాలింపులా. పిజ్జాలో మారినారా అంటే చీజే ఉండదు. గుమ్మడి పువ్వుల బజ్జీ చూసి ఆశపడొద్దు, లోపల చేప ఉంటుంది. సుప్లీ (అన్నం ఉండ వేపుడు) లో కూడా చాలాచోట్ల మాంసం సాసే, అడక్కుండా తినొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం "చికోరియా రిపస్సాతా". ఆకుకూర ఉడకబెట్టి, నీళ్ళు పిండేసి, వెల్లుల్లి, మిరపకాయ వేసి నూనెలో వేపుతారు. కొంచెం చేదు తగులుతుంది, తోటకూర వేపుడు తినే చేతికి అది తెలిసిన ముద్దే. మెనూలో "కొంతోర్నీ" కింద ఉంటుంది. ఈ ముక్క రాసిపెట్టుకో: సెంజా కార్నే, సెంజా పేషే, సెంజా వోవా. మాంసం, చేప, గుడ్డు లేకుండా అని.

మిలన్_ఎమ్మెస్:
వదినా సూపర్. ఒకటి కలుపుతా, యూదుల పేటలో ఆర్టిచోక్ (పెద్ద పువ్వు మొగ్గలాంటి కూరగాయ) నూనెలో పువ్వులా విచ్చుకునేలా వేపుతారు, కార్చోఫీ అల్లా జూదియా అని. కానీ అసలు రోమన్ ఆర్టిచోక్ సీజన్ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్, అక్టోబర్‌లో దాని కోసం పని కట్టుకుని వెళ్ళకండి. దాని బదులు వాటికన్ చూశాక చిప్రో మెట్రో దగ్గర బోంచి పిజ్జారియం, ముక్క ఎంత కావాలో చేత్తో చూపిస్తే కత్తెరతో కోసి తూకం వేసి ఇస్తారు. వెజ్ టాపింగ్స్ చాలా ఉంటాయి. కూర్చోవడానికి సరిగ్గా చోటుండదు, అది ముందే చెప్పు మీవాళ్ళకి.

ఫిల్టర్_కాఫీ:
కాఫీ బార్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, టేబుల్ దగ్గర కూర్చుంటే ఇంకో రేటు. చాలాచోట్ల ముందు క్యాష్ కౌంటర్‌లో డబ్బులు కట్టి రసీదు పట్టుకెళ్ళాలి. పాంథియోన్ దగ్గర సాంత్ ఎవుస్తాకియో 1938 నుంచి ఉంది, నురగ భలే ఉంటుంది, కానీ వాళ్ళు చక్కెర వేసే ఇస్తారు, నాన్నగారికి షుగర్ అన్నారు కదా, "సెంజా జుక్కెరో" అని ముందే చెప్పండి. మంచినీళ్ళు కొనక్కర్లేదు, వీధుల్లో ముక్కులాంటి కొళాయిలు ఎప్పుడూ పారుతుంటాయి, చివర వేలితో మూస్తే పైన చిన్న బెజ్జంలోంచి పైకి చిమ్ముతుంది, వంగకుండా తాగొచ్చు. పెద్దవాళ్ళ నడుముకి ఎంత హాయో.

వెజ్_వదిన:
టైమింగ్స్ కూడా చూసుకోమ్మా. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర, మళ్ళీ రాత్రి ఏడున్నర తర్వాతే. మధ్యలో నాలుగింటికి వంట చేసి పెట్టేవాటిల్లో ఎక్కువ టూరిస్టుల కోసం పెట్టినవే. షుగర్ ఉన్నవాళ్ళు ఆకలికి ఆగలేరు కాబట్టి బ్యాగులో ఏదో ఒకటి ఉంచు. జెలాతో (ఇటలీ ఐస్‌క్రీమ్) అయితే కొండలా పోసి మెరిసే రంగులున్న చోటు వద్దు, పిస్తా మసక రంగులో ఉంటే మంచిది.

రాజమండ్రి_పిల్ల:
అందరికీ చాలా చాలా థాంక్స్, నిన్ననే తిరిగొచ్చాం, చెప్పకుండా ఉండలేక రాస్తున్నా. చీజ్ సంగతి అమ్మకి చెప్పా, కాసేపు ఆలోచించి "తెలిశాక తినలేనే" అంది, సరే అని నాలుగు రోజులూ చీజ్ లేకుండానే. మొదటి రోజు భయపడ్డా. రెండో రోజు టెస్టాచోలో ఆ గుట్ట హోటల్‌కి వెళ్ళాం, నాన్న అన్నం సంగతి మర్చిపోయి అద్దం దగ్గరే నిలబడి పెంకులు చూస్తూ ఉండిపోయారు. అమ్మకి అర్రబ్బియాతా, చికోరియా. కూర నోట్లో పెట్టుకుని ఏం మాట్లాడలేదు, ఇంకో ముద్ద తీసుకుని "వెల్లుల్లి చితక్కొట్టి వేశారే, తరగలేదు" అంది. వడ్డించేవాడు పెద్దాయన, అమ్మ ప్లేటు తుడిచినట్టు ఖాళీ చేయడం చూసి వంటింట్లోంచి ఇంకో చిన్న గిన్నెలో తెచ్చి పెట్టాడు, బిల్లులో వేయలేదు. అమ్మ తెలుగులోనే "చల్లగా ఉండు నాయనా" అంది, ఆయన చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

నాన్నకి చేప తూకం వేయించే తిన్నాం, అత్తిలి గారూ మీకు స్పెషల్ థాంక్స్. మూడో రోజు రాత్రి కొత్త చోటికి వెళ్దామంటే ఇద్దరూ ఒప్పుకోలేదు, మళ్ళీ అక్కడికే వెళ్ళాం. వదినా, మ్యూనిక్ టర్కిష్ షాపుల్లో ఆ చికోరియా లాంటి ఆకు ఏదైనా దొరుకుతుందా? అమ్మ ఇంకో రెండు వారాలు ఇక్కడే ఉంటుంది, రోజూ అడుగుతోంది.