బీటీ పత్తిలో గులాబీ రంగు పురుగు: 110 రోజుల పైరు విషయంలో సలహా కావాలి

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలంలోని మా మూడెకరాల నల్లరేగడి చేలో జులై మొదటి వారంలో విత్తిన బీటీ-2 పత్తికి ఇప్పుడు 110 రోజులు. 70వ రోజున గుడ్డిపూలు (గులాబీ రంగు పురుగు ఆశించడంతో విచ్చుకోని పూలు) కనిపించగానే వాటిని ఏరి తగలబెట్టి, ఎకరానికి 8 చొప్పున మగ రెక్కల పురుగులను ఆకర్షించి పట్టే లింగాకర్షక బుట్టలు అమర్చి, 5 శాతం వేపగింజల కషాయం రెండుసార్లు, తరువాత ప్రొఫెనోఫాస్ లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున వారం తేడాతో మరో రెండుసార్లు పిచికారీ చేశాము. అయినా వరుసగా మూడు రోజులు ఒక్కో బుట్టలో 12కు పైగా రెక్కల పురుగులు పడ్డాయి. నిన్న 20 పచ్చికాయలు కోసి చూస్తే ఏడింటిలో పురుగు ఉంది. పైకి కాయ నిక్షేపంగా కనిపిస్తుంది, లోపల గింజ మిగలడం లేదు.

కాయతొలుచు పురుగులను చంపడానికి బీటీ-2 పత్తిలో చొప్పించిన క్రై1ఎసి, క్రై2ఎబి జన్యువులను ఈ గులాబీ రంగు పురుగు తట్టుకుంటోందని తెలుసు. ఆ జన్యువులకు లొంగే మరో కాయతొలుచు పురుగు, శనగపచ్చ పురుగు, చేలో ఎక్కడా లేదు కాబట్టి విత్తనం నకిలీదని నేను అనుకోవడం లేదు. సింథటిక్ పైరెత్రాయిడ్ రకం పురుగుమందు వాడమని దుకాణదారు చెబుతున్నారు గానీ, దానివల్ల తెల్లదోమ విజృంభిస్తుందేమోనని వెనకాడుతున్నాను.

ఈ దశలో పైరెత్రాయిడ్ ఒక్కసారి పిచికారీ చేసి మరో రెండు తీతల (పత్తి ఏరడాల) వరకు పైరును నిలపడం మేలా, లేక ఒక్క తీతతో ముగించి మోళ్లు పీకేయడం మేలా?