కాటా కంప్యూటర్ గడియారం ఆరు నిమిషాలు ముందుంది: ఒక్కసారిగా వెనక్కి జరపాలా, మెల్లగా దిద్దాలా?

కాటా_గది: మా ధాన్యం మిల్లు కాటా దగ్గరున్న ఉబుంటు కంప్యూటర్ గడియారం ఆరు నిమిషాలు ముందుంది. ఇంటర్నెట్‌లోని సమయ సర్వర్లను అడిగి గడియారాన్ని సరిచేసే క్రోనీ అనే ప్రోగ్రాం వేసుకుని వారమైంది కానీ, ‘క్రోనీసీ సోర్సెస్’ అని అడిగితే ప్రతి సర్వరు ఎదుటా రీచ్ సున్నా అనే వస్తోంది. లారీలు వస్తూనే ఉంటాయి కనుక తూకం ఆపడం కుదరదు. ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

రాత్రి_పాళీ: మదర్‌బోర్డు మీది బ్యాటరీ మార్చి చూడండి.

సర్వర్_కాపరి: బ్యాటరీ పోతే తేదీ ఏదో పాత సంవత్సరానికి పోతుంది గానీ ఆరు నిమిషాల దగ్గర ఆగదు. రీచ్ సున్నా అంటే ఒక్క జవాబూ తిరిగి రాలేదని అర్థం. సమయ సర్వర్ల జవాబులు వచ్చే దారి, యూడీపీ 123వ పోర్టు, రౌటర్‌లో మూసి ఉందేమో చూడండి. అది తెరిచాక ‘క్రోనీసీ మేక్‌స్టెప్’ ఇస్తే గడియారం ఒక్కసారిగా జరిగి క్షణంలో సరిపోతుంది. గడియారాన్ని కాస్త నెమ్మదిగా నడిపి మెల్లగా దిద్దడమంటే సెకనుకు అర మిల్లీసెకను చొప్పున ఎనిమిది రోజులు పడుతుంది.

పాత_బిల్లు: దయచేసి అలా చేయకండి. నేను పనిచేసిన మిల్లులో సీజను మధ్యలో ఎవరో గడియారాన్ని వెనక్కి జరిపితే, లోడుతో 10:14కు కాటా ఎక్కిన లారీ ఖాళీగా 10:11కు తూగినట్టు చీటీ వచ్చింది. ఆ చీటీని తిప్పి పంపారు, రైతు రెండు రోజులు మా చుట్టూ తిరిగాడు.

సర్వర్_కాపరి: ఒక్క చీటీ కోసం ఎనిమిది రోజులు తప్పు సమయం అచ్చు వేయమంటారా? లాగిన్‌లను సరిచూసే కెర్బెరోస్ మామూలుగా ఐదు నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. అది దాటిన ఒక ఉదయం మా ఆఫీసులో ఎవరికీ లాగిన్ కాలేదు, మాటలు పడింది నేను.

పాత_బిల్లు: కాటా దగ్గర లాగిన్‌ల గొడవ లేదండీ. నా చీటీ సంగతికి మీరు జవాబు చెప్పడం లేదు.

సర్వర్_కాపరి: ఎనిమిది రోజుల సంగతికి మీరు మాత్రం చెప్పారా?

గట్టు_మీద: ఆ లెక్క ఇదే పని చేసే ఎన్‌టీపీడీ అనే పాత ప్రోగ్రాంది. క్రోనీ మామూలు అమరికలోనే సెకనుకు పన్నెండో వంతు దాకా దిద్దగలదు. ఆరు నిమిషాలకు 72 నిమిషాలు చాలు.

సర్వర్_కాపరి: ఆ తేడా నేను చూసుకోలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా 72 నిమిషాలైనా తెలిసి తెలిసి తప్పు సమయం వేయడం నాకు సమ్మతం కాదు.

పాత_బిల్లు: మనకు తేడా అక్కడే వస్తోంది. మీకు గడియారం నిజం చెప్పాలి. నాకు అది వెనక్కి నడవకూడదు. ముందు వచ్చిన లారీ చీటీలోనూ ముందే ఉండాలి, నిమిషాలు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. కాటా_గది గారూ, ఒక్క జాగ్రత్త. మీ క్రోనీ ఫైలులో ‘మేక్‌స్టెప్ 1 3’ అనే వరుస ఉంటే, మొదటి మూడు సవరణల్లో తేడా ఒక సెకను దాటగానే క్రోనీ తనంతట తానే గడియారాన్ని జరిపేస్తుంది. మీకు ఇంకా మొదటి జవాబే రాలేదు కనుక, పోర్టు తెరిచిన వెంటనే ఎవరూ ఏ ఆదేశమూ ఇవ్వకుండానే అది జరిగిపోతుంది. ముందు ఆ వరుసను పక్కన పెట్టి, క్రోనీని మళ్ళీ మొదలుపెట్టి, ఆ తర్వాతే రౌటర్ ముట్టుకోండి.

కాటా_గది: ఆ వరుస ఉంది, క్రోనీ దాన్ని పట్టించుకోకుండా దాని ముందు # పెట్టాను. పోర్టు తెరిచాక రీచ్ 17, 37, 77 అంటూ 377కు చేరింది, అంటే చివరి ఎనిమిది సార్లూ జవాబు వచ్చినట్టే. అరగంటలో తేడా 360 సెకన్ల నుంచి 210కి దిగింది, ఈలోగా నాలుగు లారీలు వరుస తప్పకుండా తూగాయి.