మైలతుత్తం తెల్లబడటం భౌతిక మార్పా, రసాయన మార్పా?

ప్రశ్న: మైలతుత్తం (నీటి అణువులు చేరిన కాపర్ సల్ఫేట్ స్ఫటికాలు) వేడిచేస్తే తెల్లబడింది, నీటిచుక్క వేస్తే మళ్లీ నీలం. వెనక్కి వస్తోంది కదా, భౌతిక మార్పని రాయొచ్చా? పైగా 5 గ్రాముల పొడి బరువు 3.56 దగ్గరే ఆగింది. లెక్క ప్రకారం 3.2 రావాలి.

జవాబు 1: రసాయన మార్పే. వెనక్కి రావడం, రాకపోవడం కొలమానం కాదు, పాఠ్యపుస్తకాలు దాన్ని అతిగా నూరిపోశాయి. స్ఫటికంలో ఒక్కో రాగి అయాన్‌ను నాలుగు నీటి అణువులు అంటిపెట్టుకుని ఉంటాయి, ఆ నీలం వాటివల్లే. ఆ బంధాలు తెగితే రంగు పోతుంది. తెల్లపొడి మీద నీళ్లు వేసినప్పుడు పరీక్షనాళిక పట్టుకుని చూడండి, వేడెక్కుతుంది.

జవాబు 2: 3.56 అంటే ఒక్కో కాపర్ సల్ఫేట్‌కు ఉండే ఐదు నీటి అణువుల్లో నాలుగే పోయాయి. ఐదోది సల్ఫేట్‌కు కూడా ముడిపడి ఉంటుంది, 200 డిగ్రీలు దాటితేగానీ వదలదు. వరుసగా రెండు తూకాలు ఒకటయ్యేదాకా వేడిచేయండి. చల్లార్చేది డెసికేటర్‌లోనే (తేమ చేరనివ్వని మూతపాత్ర), బయటపెడితే గాల్లో తేమ పీల్చి బరువు పెరుగుతుంది. పొడి నల్లబడితే మంట ఎక్కువైనట్టే: కాపర్ ఆక్సైడ్ మిగిలి, ఘాటైన సల్ఫర్ ఆక్సైడ్ పొగలు వస్తాయి.

జవాబు 3: పరీక్షనాళిక మూతి కాస్త కిందికి వంచండి. మూతి దగ్గర చేరిన నీళ్లు వేడి అడుగుకు జారితే గాజు పగులుతుంది.