శీలావతి (రోహు చేప) స్పాన్, అంటే గుడ్డు నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు, మూడో రోజుకే చచ్చి తేలిపోతోంది, మొదటి మేత అందడం లేదా?

మాది 10 సెంట్ల నర్సరీ చెరువు, నీళ్లు 3 అడుగులు. గుడ్డు పగిలి మూడు రోజులైన, సొన సంచి కరిగిపోయిన శీలావతి స్పాన్ లక్ష వదిలాం. రెండు విడతలూ ఇదే వరస: రెండు రోజులు గట్టు పక్కన చురుగ్గా తిరిగి, మూడో రోజు నుంచి తేలిపోతున్నాయి. పొట్టలు ఖాళీ. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

పిల్లలను తినే నీటి పురుగులు చావడానికి సబ్బు, నూనె కలిపి చల్లాం. వేరుశనగ చెక్క, తవుడు సమానంగా వేశాం. ఉదయం ఆక్సిజన్ 5, పీహెచ్ 8, వేడి 28 డిగ్రీలు. 50 లీటర్లు వడకడితే 1.5 మి.లీ. ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) వచ్చింది, కానీ భూతద్దంలో దాదాపు అన్నీ గెంతే సైక్లాప్స్ (కాస్త పెద్ద రకం ప్లాంక్టన్). అంత చిన్న నోటికి అవి పట్టవు, పైగా పిల్లలనే కొరుకుతాయి. పిల్ల నోటికి పట్టే చిన్న రకం ప్లాంక్టన్, అంటే రోటిఫర్లు, కనిపించలేదు.

ప్లాంక్టన్ పెరగడానికి చెరువులో పేడ వేసిన 15వ రోజున స్పాన్ వదిలాం. రోటిఫర్లు బాగా ఉన్నప్పుడే పిల్ల పడాలంటే, పేడ వేసిన ఎన్నో రోజున వదలాలి?