మందుల ఫ్యాక్టరీలో ఎంజైమ్ వాడితే మన బోరు నీళ్లు బాగుపడతాయా?

చౌటుప్పల్ చేను:
మా బోరు నీళ్లు మరగబెట్టినా సాల్వెంట్ (ఫ్యాక్టరీలో మందులు కరిగించే ద్రవం) వాసన పోదు. మా మేనల్లుడు కెమిస్ట్రీ చదువుతున్నాడు. "ఇక మట్టిలో బాక్టీరియానే మందులు చేస్తది మామా, కాలుష్యం ఉండది" అంటున్నాడు. నిజమేనా? నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు.

ల్యాబ్ కోటు, జడ్చర్ల:
మీవాడు ఊరికే అనలేదన్నా. షుగర్ మందు సిటాగ్లిప్టిన్ సంగతే తీసుకోండి. ఒకే అణువుకు ఎడమ చెయ్యి, కుడి చెయ్యి లాంటి రెండు రూపాలుంటాయి, మందుకు కావలసింది ఒకటే. ముందు రోడియం లోహంతో, హైడ్రోజన్ ప్రెషర్ పెట్టి చేసేవారు. ఆ తర్వాత అందులో మిగిలిన రోడియం తీసెయ్యడం మరో తలనొప్పి. ఆర్థ్రోబాక్టర్ అనే మట్టి బాక్టీరియా జాతిలో ట్రాన్సామినేజ్ అనే ఎంజైమ్ ఉంది, అంటే రియాక్షన్‌ను నడిపించే ప్రోటీన్. ఆ పెద్ద అణువు మొదట దాని సందులో పట్టనే లేదు. మెర్క్, కోడెక్సిస్ కంపెనీల వాళ్లు దాన్ని విడతలు విడతలుగా మార్చి, 27 చోట్ల మార్పులతో పట్టేలా చేశారు. ఆ పరిశోధన 2010లో అచ్చయింది. ప్రెషర్ అక్కర్లేదు, లోహం లేదు, మొత్తం వ్యర్థాలు 19 శాతం తగ్గాయి.

నైట్ షిఫ్ట్:
తమ్మీ, 19 తగ్గితే 81 ఉన్నట్టే కదా! పైగా ఆ రియాక్షన్‌లో సగం డీఎంఎస్ఓ అనే సాల్వెంట్, ఉత్త నీళ్లు కాదు. నేను ఎంజైమ్ బ్యాచ్ దించినవాణ్ణి. ప్రోటీన్ ఉన్న నీళ్లలో సాల్వెంట్ పోసి కలిపితే చిలికిన మజ్జిగలా అవుతుంది, రెండు పొరలు విడవవు. ఒకసారి నా షిఫ్ట్ మొత్తం దాని ముందే కూర్చున్నా, టెన్షన్‌తో టీ కూడా తాగలేదు. ఆ నీళ్లూ ఈటీపీకే, అంటే ఫ్యాక్టరీ మురుగు శుద్ధి చేసే ప్లాంటుకే పోవాలి. ఎనిమిది స్టెప్పుల మందులో ఎంజైమ్‌ది ఒక్క స్టెప్పు. మిగతా ఏడూ?

ల్యాబ్ కోటు, జడ్చర్ల:
ఒక్క స్టెప్పుతో అయిపోయేవీ ఉన్నాయన్నా. జపాన్‌లో 1985లోనే అక్రిలమైడ్‌ను (ఇది మందు కాదు, పాలిమర్ల ముడిసరుకు) రోడోకాకస్ బాక్టీరియాతో చేయడం మొదలుపెట్టారు, అదీ నీళ్లలోనే. రియాక్షన్ యాసిడ్ దాకా పోకుండా, కావలసిన అమైడ్ దగ్గరే ఆగుతుంది. అంతకుముందు దానికి రాగి వాడేవారు.

నైట్ షిఫ్ట్:
అది ఒప్పుకుంటా. మన దగ్గర చేసేది అక్రిలమైడ్ కాదు, అదీ నా గొడవ.

చౌటుప్పల్ చేను:
మరి రాత్రిపూట వాగు దిక్కు పోయే ట్యాంకర్‌ను ఏ ఎంజైమ్ ఆపుతుంది?

నైట్ షిఫ్ట్:
దాన్ని ఆపదన్నా. మీరు నీళ్లు టెస్టుకు ఇచ్చేటప్పుడు ఫ్లోరైడ్, టీడీఎస్‌తో సరిపెట్టకండి, సీవోడీ (నీళ్లలో రసాయన కాలుష్యం ఎంతుందో చెప్పే లెక్క), సాల్వెంట్లు కూడా చూడమని రాయించండి. పాత నల్లగొండ జిల్లా అనగానే అందరూ ఫ్లోరైడ్ అని రాసి పంపేస్తారు.