వింటర్ ఇన్ అమెరికా (1974): ఇద్దరిదా, ఒక్కడిదా?

పాత_ప్లేట్లు: అట్ట మీద అమెరికన్ కవి-గాయకుడు గిల్ స్కాట్-హెరన్, పియానో వాయించే బ్రయన్ జాక్సన్ అని రెండు పేర్లూ ఉన్నాయి, కాదనను. కానీ ఈ ఆల్బమ్‌ని రాజకీయం చేసింది గిల్ మాట. మాట తీసేస్తే మిగిలేది హోటల్ లాబీలో వినిపించే సంగీతం. జాక్సన్ పక్కవాద్యం, అంతే.

రోడ్స్_పిచ్చి: ఇందులోని "ది బాటిల్" తాగుడు మీద పాట. దానికి క్లబ్బుల్లో జనం డాన్సు చేశారు. ఉత్త ఉపన్యాసానికి చేస్తారా? రోడ్స్ అనే ఎలక్ట్రిక్ పియానో కీ మెత్తగా నొక్కితే గంటలా మోగుతుంది, గట్టిగా కొడితే లోపలి ఉక్కు పుల్ల బొంగురుపోతుంది. జాక్సన్‌కి ఏది ఎక్కడ వాడాలో తెలుసు. ఫ్లూట్ కూడా ఆయనదే.

మూడోవరస: టైటిల్ పాట అసలు ఎల్పీలో లేదని ఎవరికైనా గుర్తుందా? 1975లో తర్వాతి ఆల్బమ్‌లో వచ్చింది.

పాత_ప్లేట్లు: ఆ ఫ్లూట్ స్టూడియో బయట వరండాలో, వాటర్ కూలర్ పక్కన నిలబడి వాయించింది. లోపల చోటు కూడా ఇవ్వలేదు!

రోడ్స్_పిచ్చి: ఇది రికార్డయిన స్టూడియో, వాషింగ్టన్ పక్కన సిల్వర్ స్ప్రింగ్‌లోని డీ అండ్ బీ, అగ్గిపెట్టంత. అంత గదిలో అందరూ కలిసి వాయిస్తే ఫ్లూట్ మైకులోకి డ్రమ్స్ చప్పుడు దూరుతుంది. తర్వాత ఫ్లూట్ పెంచితే అదీ పెరుగుతుంది. అందుకే బయటికి. "సాంగ్ ఫర్ బాబీ స్మిత్" గిల్ పాడింది కూడా ఆ వరండాలోనే. మరి ఆయనా పక్కవాద్యమేనా?

మూడోవరస: 😂

పాత_ప్లేట్లు: వరండా వదిలేయండి. అధ్యక్షుడు నిక్సన్ ఇరుక్కున్న వాటర్‌గేట్ కుంభకోణం మీద ఇందులో ఆ పొడుగు కవితకి ఏం చెప్తారు? కింద బ్లూస్ నెమ్మదిగా నడుస్తుంటుంది. అక్కడ పియానో ఎవరు వింటారు?

తబలా_బాబాయ్: ఎవరూ వినరు, మీలాంటోళ్లు అసలే వినరు. పాతికేళ్లుగా కచేరీలకి వాయిస్తున్నాను, కరపత్రం మీద నా పేరు "తదితరులు".

పాత_ప్లేట్లు: బాబాయ్, మీ బాధ నిజమే. కానీ అధ్యక్షుణ్ణి పేరు పెట్టి కడిగేస్తే గొడవ వచ్చేది ఎవరి మీదికి? మాట రాసినవాడి మీదికి. పియానో వాయించినవాణ్ణి ఎవడూ నిలదీయడు. తెగించినవాడిదే పేరు. నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే.

రోడ్స్_పిచ్చి: అది ముందే చెప్పుంటే ఇంత రగడ లేదు కదండీ. 1971లో ఫ్లయింగ్ డచ్‌మన్ అనే రికార్డు కంపెనీ వేసిన "పీసెస్ ఆఫ్ ఎ మ్యాన్"లో చాలా పాటల రచనలో జాక్సన్ భాగస్వామి, పియానో ఆయనదే. అట్ట మీద మాత్రం గిల్ ఒక్కడే. "వింటర్ ఇన్ అమెరికా" వేసింది జాజ్ వాద్యకారులు చార్ల్స్ టాలివర్, స్టాన్లీ కవెల్ పెట్టిన స్ట్రాటా-ఈస్ట్ కంపెనీ, దాని పద్ధతి వేరు: రికార్డింగ్ ఖర్చు కళాకారుడిది, మాస్టర్ టేపూ (అసలు రికార్డింగు) అతనిదే. అక్కడికొచ్చాకే రెండు పేర్లూ పక్కపక్కన పడ్డాయి. డబ్బు పోతే ఇద్దరికీ పోయేది. అది తెగింపు కాదా?

పాత_ప్లేట్లు: డబ్బు తెగింపు వేరు, మాట తెగింపు వేరు.

తబలా_బాబాయ్: డబ్బు ఉన్నోళ్లు అలాగే అంటారు.