రేణిగుంట ముందా, తిరుపతి ముందా? మా నాయన చెప్పే "ఈస్ట్ స్టేషన్" సంగతి తెలిసినోళ్లు చెప్పండి

చిత్తూరు పిల్లోడు:
అందరికీ నమస్కారం. మాది చిత్తూరు, ఉద్యోగం హైదరాబాదులో. పోయిన వారం మా నాయనతో వెంకటాద్రిలో ఊరికి వస్తా ఉంటే తెల్లారి బండి ఆగింది, తిరుపతి వచ్చింది నాయనా టీ తాగుతావా అన్నా. ఆయన కిటికీలోంచి చూసి "ఇది ఈస్ట్ రా, వెస్ట్ ఇంకా ముందుండాది" అన్నాడు. బోర్డు మీద చూస్తే తిరుపతి అనే ఉంది, ఈస్టూ లేదు ఏమీ లేదు. ఆయనకు 74 ఏండ్లు, జ్ఞాపకం బాగానే ఉంది, ఊరికే అనే మనిషి కాదు. ఇంకో మాట కూడా చెప్పినాడు, వాళ్ల ముత్తాత కాలంలో తిరుపతికి రైలే లేదంట, రేణిగుంటలో దిగి ఎద్దులబండి కట్టించుకుని వచ్చేవాళ్లంట. ఇది నిజమేనా? స్టేషన్ ఎప్పుడు వచ్చింది, రేణిగుంట అంత పాతదా? ఇంకోటి, మా అత్తావాళ్లు ముంబై నుంచి దర్శనానికి వస్తాండారు, వాళ్ల బండి తిరుపతికి రాదంట, రేణిగుంటలో దిగి రావడం పెద్దోళ్లకు కష్టమా? తెలిసినోళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

పాకాల రైల్వే కాలనీ:
తమ్ముడూ మీ నాయన చెప్పింది అక్షరాలా నిజం. రేణిగుంటకు రైలు వచ్చింది 1862లో, మద్రాస్ రైల్వే వాళ్లు అరక్కోణం నుంచి ఇటు లైను వేసుకుంటా వచ్చినారు, అదే కడప గుంతకల్లు మీదుగా పోయి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. తిరుపతికి రైలు వచ్చింది 1891లో. అంటే దగ్గర దగ్గర 30 ఏండ్లు జనం రేణిగుంటలో దిగి పది కిలోమీటర్లు బండ్లలోనో నడకనో వచ్చినట్టే గదా. అప్పటికి చిత్తూరు జిల్లా అనేది కూడా లేదు, మనదంతా ఉత్తర ఆర్కాడు, మన జిల్లా పుట్టిందే 1911లో.

1891లో వచ్చింది వేరే కంపెనీ లైను, సౌత్ ఇండియన్ రైల్వే వాళ్లది, కాట్పాడి నుంచి చిత్తూరు, పాకాల, తిరుపతి మీదుగా గూడూరు దాకా. అది మీటర్ గేజ్. పట్టాల మధ్య వెయ్యి మిల్లీమీటర్లు. మద్రాస్ రైల్వేది బ్రాడ్ గేజ్, 1676. ఆ బండి ఈ పట్టా మీద నడవదు, కాబట్టి రేణిగుంటలో సామాన్లు దించుకుని చిన్న బండి ఎక్కాల్సిందే. మా తాత పాకాల షెడ్డులో ఫైర్‌మన్‌గా, అంటే ఇంజన్‌లో బొగ్గేసే పని చేసినాడు, పాకాల అంటే ఆ కాలంలో ఆవిరింజన్ల ఊరు, కాట్పాడి వైపు, తిరుపతి వైపు, మదనపల్లె మీదుగా ధర్మవరం వైపు, మూడు దిక్కులకూ బండ్లు ఇక్కడి నుంచే. ఒక బండి సెక్షన్‌లోకి, అంటే రెండు స్టేషన్ల మధ్య లైనులోకి పోవాలంటే అనుమతి గుర్తుగా టోకెన్ ఉండాల, పేము రింగుకు కట్టిన తోలుసంచిలో ఒక గుండు. స్టేషన్‌లో ఆగని బండి అయితే పోతా పోతానే చెయ్యి చాపి రింగు అందుకోవాల. మా తాత కుడి మోచెయ్యి దగ్గర నల్లగా కాయకట్టిపోయి ఉండేది, ఏంది తాతా ఇది అంటే రింగు తగిలి తగిలి అట్లయిందిరా అనేవాడు. రిటైరైనాక కూడా ఆ మచ్చ పోలేదు.

ధర్మవరం లైను బ్రాడ్ గేజ్ చేసేదానికి చానా ఆలస్యం చేసినారు, అది నాకు ఇప్పటికీ బాధే. పీలేరు, ములకలచెరువు వైపు వాళ్లు ఎంత ఇబ్బంది పడినారో దగ్గరుండి చూసినా.

రేణిగుంట రెడ్డెన్న:
పైన అన్న బాగా చెప్పినాడు. ఈస్ట్ సంగతి నేను చెప్తా. పాత రోజుల్లో తిరుపతి ఈస్ట్, తిరుపతి వెస్ట్ అని రెండు పేర్లు ఉండేవి, ఇప్పుడు మీరు టీ తాగిన పెద్ద స్టేషనే ఈస్ట్. వెస్ట్ ఇప్పటికీ ఉంది, పాకాల వైపు పోతా ఉంటే తర్వాత వచ్చే చిన్న స్టేషన్, అది దాటితే చంద్రగిరి. మీ నాయన దిక్కులు తప్పలేదు. ఇంకో మార్పు కూడా జరిగింది, తిరుపతి ఉండే గుంతకల్లు డివిజన్ 1977లో సదరన్ రైల్వే నుంచి సౌత్ సెంట్రల్‌కు వచ్చింది, అంతకుముందు తిరుపతి స్టేషన్ కూడా మద్రాసు పెత్తనం కిందే.

మీ అత్తావాళ్లకు ఏం భయం లేదు. ముంబై చెన్నై మెయిన్ లైను రేణిగుంట మీదుగా పోతుంది, తిరుపతిలోకి రాదు, అందుకే ఆ బండ్లలో వచ్చేవాళ్లు ఇక్కడే దిగాల. బయటికి వస్తే ఆటోలు, ఆర్టీసీ బస్సులు ఉంటాయి. రాత్రిపూట దిగితే ఆటో ఎక్కకముందే రేటు మాట్లాడుకోమనండి, పోయిన్నెల మా చుట్టాల దగ్గర ఒకాయన మూడింతలు వసూలు చేసినాడు, పెద్దోళ్లని చూసి కూడా. సామాను తక్కువైతే తిరుపతి వైపు పోయే ఇంకో రైలు ఎక్కేసినా అయిపోతుంది.

సత్రం వీధి అక్క:
మాది తిరుపతే నాయనా, స్టేషన్ వెనక సత్రాల దగ్గర ఇల్లు. పెద్దోళ్లు వస్తాండారు అంటున్నావు గదా, గది దొరక్కపోతే స్టేషన్ ఎదురుగానే టీటీడీ వాళ్ల విష్ణు నివాసం ఉంది, రోడ్డు దాటితే చాలు. కొండకు బస్సు కూడా స్టేషన్ ముందరే ఎక్కొచ్చు. ఈ బస్సు సుఖం మొదటి నుంచీ లేదు, మొదటి ఘాట్ రోడ్డు వేసిందే 1944లో, అంటే స్టేషన్ వచ్చినాక కూడా 50 ఏండ్లు రైలు దిగిన జనం మెట్లెక్కి పోవాల్సిందే, చేతకానోళ్లు డోలీలో. స్టేషన్‌లో 2022 నుంచి కొత్త కట్టడం పనులు జరుగుతాండాయి, దారులు మార్తా ఉంటాయి, దిగినాక పోర్టర్‌ని అడిగి బయటికి పొమ్మను, తోచినట్టు నడిస్తే చుట్టు తిరగాల.

మా అమ్మ స్టేషన్ బయట పూలు అమ్మేది, 20 ఏండ్లు. కొండమీద ఆడోళ్లు పూలు పెట్టుకోకూడదు గదా, అన్నీ స్వామికే. అందుకే బండి దిగి వచ్చేవాళ్లు ఎవరూ కొనరు. దర్శనం అయి తిరిగి పోయేవాళ్లు కొంటారు, గుండుకు గంధం పూసుకుని చేతిలో లడ్డు సంచి పట్టుకుని వచ్చి, పిల్లకు రెండు మూరలు ఇవ్వమ్మా అంటారు. కాబట్టి మా అమ్మకు వచ్చే బండ్ల టైములు ఒక్కటి కూడా తెలియదు, పోయే బండ్లు మాత్రం నోటికొచ్చు. సప్తగిరి అంటే మద్రాసు వాళ్లు, వాళ్లు మల్లెపూలే అడుగుతారు. నారాయణాద్రికి గంట ముందు ఇంటికాడ ఎంత పనున్నా వదిలేసి బుట్టెత్తుకునేది. బండ్లకు కొండల పేర్లు పెట్టడం నాకు భలే ఇష్టం, ఏడుకొండల్లో శేషాద్రి, గరుడాద్రి, నారాయణాద్రి, వెంకటాద్రి నాలుగూ రైళ్లయినాయి.

చిత్తూరు పిల్లోడు:
అన్నా, రెడ్డెన్నా, అక్కా అందరికీ చానా థాంక్స్. ఇదంతా నాయనకు చదివి వినిపించినా. టోకెన్ రింగు మాట రాగానే లేచి కూర్చున్నాడు, చిన్నప్పుడు పాకాలలో వాళ్ల మేనమామ ఇంటికి పోయినప్పుడు ప్లాట్‌ఫాం చివర నిలబడి ఆ రింగు పట్టుకోవడమే చూసేవాడంట, కంట్లో బొగ్గునలుసు పడితే వాళ్లమ్మ కొంగు ముడేసి ఊది తీసేదంట. ఆదివారం చిత్తూరు నుంచి పాసింజర్‌లో పాకాల తీసుకుపోమన్నాడు. పాకాల అన్నా, ఆ షెడ్డు ఉన్న జాగా ఎటువైపో చెప్తే ఆయన్ని అక్కడికే నడిపిస్తా.

పాకాల రైల్వే కాలనీ:
నువ్వు బండెక్కినాక మెసేజ్ పెట్టు తమ్ముడూ, నేనే స్టేషన్‌కు వస్తా. మా ఇంట్లో టిఫిన్ తిని పోదాం, నాయన్ని ఎండలో నడిపించొద్దు.